ఖాళీ బండి బరువు

చీమకుర్తి రోడ్డు మీద కాటా నాది.
నాదంటే ఓనరుది, రసీదు చింపే చెయ్యి నాది.
రాయితో ఒకసారి, దించేసి వచ్చాక ఒకసారి
లారీ ఎక్కి దిగుతుంది.
మొత్తంలోంచి ఖాళీ బండిని తీసేస్తే
మిగిలింది రాయి.
పదకొండేళ్లుగా ఇదే తీసివేత.

నిన్న నెల్లూరులో డాక్టరమ్మ నన్ను కాటా ఎక్కించింది.
నూట తొమ్మిది.
అలవాటుకొద్దీ అడగబోయాను,
ఇందులో ఖాళీ బండి ఎంత అని.

డయాలసిస్ రోజుల్లో నాకో పొడి బరువుండేది.
నలభై ఆరు.
వారానికి మూడుసార్లు ఒంగోలు,
మంచమెక్కే ముందొక తూకం, దిగినాక ఒకటి.
మధ్యలో తేడా అంతా
నేను దొంగతనంగా తాగిన నీళ్లు.
రోజుకి రెండు గ్లాసులని రాసిచ్చారు.
మే నెల, గ్రానైటు దుమ్ము,
ఐసుముక్క బుగ్గన పెట్టుకుని
డ్రైవర్లు రేడియేటర్లో నీళ్లు పోస్తుంటే
కళ్లప్పగించి చూసేదాన్ని.

తమ్ముడు మాలకొండయ్య ఇచ్చాడు.
నూట యాభై గ్రాములుంటుందంట.
మా కాటా పది కిలోల లెక్కన తప్ప చూపించదు,
దానికది కనపడనే కనపడదు.
వాడి నడుము పక్కన జానెడు కోత.
నాకు పొత్తికడుపులో, కుడివైపు,
చేత్తో తడిమితే తెలిసే చోట.
పాతవి రెండూ వెనక అట్టానే ఉన్నాయి
ఎండిన దొండకాయల్లాగా.
వాడి పెళ్లాం సుభాషిణి ఏడాదిన్నర
నాతో మాట్లాడలా.
నేనూ తప్పు పట్టలా.

తర్వాత తిన్నాను.
దాచేదేముంది, తిన్నాను.
వద్దన్న అరటిపండు, వద్దన్న కొబ్బరినీళ్లు,
వద్దన్న చింతకాయ పచ్చడి, అన్నీ.
పొద్దున ఎనిమిదికి మాత్రలు, రాత్రి ఎనిమిదికి మాత్రలు,
ఆకలిని కూడా వాటిల్లోనే కలిపి చేస్తారు కాబోలు.
"వొళ్లు చేశావే, కళగా ఉన్నావు" అన్నారు ముందు.
తర్వాత అనడం మానేశారు.
ఐదేళ్ల మూడు నెలలు, అరవై మూడు కిలోలు.
నెలకొకటి.
బతికిన నెలకి రసీదు చింపినట్టే ఉండేది నాకు.

డాక్టరమ్మ కాగితం మీద సంచి గీసింది.
ఇక్కడ కోసి ఇక్కడ కుట్టేస్తే
పొట్ట అరటికాయంత అవుతుందంది.
షుగరు గడప తొక్కింది,
ఈ బరువుకి ఆ కిడ్నీ కూడా అలిసిపోద్దంది.
కోస్తే మాత్రలు వొంటికి పట్టే తీరు మారొచ్చనీ,
నీకు కుట్లు మానేది ఆలస్యమనీ
అదీ తనే చెప్పింది.
రెండు వైపులా చెప్పే డాక్టరంటే నాకు భయం.
శుక్రవారంలోగా ఏ సంగతీ చెప్పమంది.

రాత్రి మాలకొండయ్య దగ్గరికి పోయాను.
బరువులెత్తడం మానేసి షేరాటో నడుపుతున్నాడు,
చక్రానికి పట్టిన మట్టి పుల్లతో గీకుతున్నాడు.
"నీ వస్తువు పక్కనే మళ్లీ కత్తి పెడతారంటరా."
"ఇచ్చేసినాక నాదేందక్కా" అన్నాడు.
ఇంకో చక్రం కాడికి పోయి,
"దానికేం కాదు గదా?" అన్నాడు.

లోపల్నుంచి సుభాషిణి:
"అడిగితే నన్నడగాల వొదినా.
ఆ రాత్రి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుంది నేను."
అని, దోసెలు పెట్టింది.
రెండు పెట్టి, మూడోదానికి చెయ్యి చాపి
ఆగింది.
ఆగిన ఆ చేతిని ఎట్టా తూచను?

తెల్లారి తొలి లారీ రాకముందే
చెప్పులిడిచి మా కాటా మీద నిలబడ్డాను.
అంత పలక మీద ఒక్కదాన్నే.
నూట పది అంది.
ఒక కిలో ఎక్కువ చెప్పింది, తప్పు దానిది కాదు,
దాని లెక్క అంతే.
రసీదు రాశాను.
మొత్తం గడిలో నూట పది.
ఖాళీ బండి గడి దగ్గర పెన్ను ఆగింది.
నలభై ఆరా?
అప్పుడు నిండా దాహమే గదా, ఖాళీ ఎట్టయింది?

వెనకాల లారీ హారను కొట్టాడు.
"జరుగు మేడమ్, రాయుంది."
కాగితం జాకెట్లో దోపుకుని
కుడిచేత్తో పొత్తికడుపు పట్టుకుని
దిగాను.